స్వేచ్ఛ ఇచ్చారు, దారి చెప్పలేదు

(బి.ఎస్సీ. మూడవ సంవత్సరం)

పనిముట్టు ఎంత మంచిదైనా, పట్టుకునే తీరు తెలియనివాడి చేతిలో అది బరువే గదా! నాగలి సంగతి అంతే, స్ప్రేయరు సంగతి అంతే, కంప్యూటరు సంగతీ అంతే. అయితే నాగలి పట్టడం నేర్పడానికి మనకు నాన్న ఉన్నాడు, ఆయనకు వాళ్ళ నాన్న ఉన్నాడు. కంప్యూటరు విషయంలో మన పల్లెటూళ్ళలో ఎవరున్నారు? కాగితం ఒక్కటే దిక్కు. ఆ కాగితం సరిగా లేనప్పుడు ఏమవుతుందన్నదే ఈ వ్యాసంలో నేను చర్చించదలచుకున్న విషయం.

మిత్రులారా! ఓపెన్ సోర్స్ అనీ, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అనీ పిలిచే సాఫ్ట్‌వేర్ గురించి మీలో చాలామంది వినే ఉంటారు. 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ అనే ఆయన గ్నూ అనే పథకాన్ని ప్రకటించాడు. 1991లో ఫిన్లాండులో లీనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి లినక్స్ కెర్నెల్ రాశాడు. (అప్పటికి ఆయనకు ఇరవై ఒక్క ఏళ్ళు. మనకంటే ఒక ఏడాదే పెద్ద!) ఓపెన్ సోర్స్ అనే పేరు 1998లో పుట్టింది. ఎవరైనా వాడుకోవచ్చు, లోపల ఏముందో విప్పి చూడవచ్చు, పక్కవాడికి ఇవ్వవచ్చు, మార్చి బాగుచేసి ఆ మార్చినదాన్నీ పంచవచ్చు. ఈ నాలుగు స్వేచ్ఛలే దాని పునాది. మన తెలుగునాట కూడా 2005 నుంచి హైదరాబాదు కేంద్రంగా 'స్వేచ్ఛ' అనే సంస్థ ఈ ఉద్యమాన్ని నడుపుతోంది, తెలుగులో కనిపించే ఆపరేటింగ్ సిస్టమ్‌ను కూడా తయారుచేసింది. విద్యను, శ్రమఫలాన్ని నలుగురితో పంచుకోవాలనే ఈ ఆశయానికి నేను మనస్ఫూర్తిగా మద్దతుదారుణ్ణి. కనుక ఇకమీద నేను రాసేది శత్రువు మాటగా తీసుకోవద్దని మనవి. ఇంట్లోవాడు ఇంటి చూరు కారుతోందని చెప్పడం లాంటిది ఇది.

ఈ సాఫ్ట్‌వేర్ అవసరం మనలాంటివాళ్ళకే ఎక్కువ. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు మద్దతు ముగిసింది. విండోస్ 11 రావాలంటే మెషీనులో కొన్ని కొత్త భాగాలుండాలి. మన ఊళ్ళలో ఉన్నవేమో పట్నంలో ఆఫీసులు వాడి వదిలేస్తే చవకగా కొనుక్కొచ్చిన కంప్యూటర్లు. అవి ఇంకా దుక్కలా పనిచేస్తున్నాయి. వాటిని తుక్కులో పారెయ్యకుండా ఇంకో అయిదేళ్ళు బతికించగలిగేది లినక్సే. వరికోతలయ్యాక మినుములు చల్లుకుని, ఆ డబ్బు చేతికొస్తే పిల్లవాడికి సెకండ్‌హ్యాండ్ కంప్యూటరు కొనిపెట్టే కుటుంబానికి ఇది చిన్న విషయం కాదు. నా కంప్యూటరు అలా వచ్చిందే.

మా పెదనాన్న కొడుకు చల్లపల్లిలో చిన్న జిరాక్సు దుకాణం నడుపుతున్నాడు. దరఖాస్తులు టైపు చెయ్యడం, రైతులకు 1-బి, అడంగల్ నకళ్ళు ప్రింటు తీసివ్వడం ఆయన పని. దొంగ కాపీ విండోస్ మీద నడపడం ఇష్టం లేక, రెండుసార్లు వైరస్ పడి విసిగిపోయి, లినక్స్ వేసుకున్నాడు. అంతా బాగానే ఉంది గాని ప్రింటరు పలకలేదు. ఆ ప్రింటరు పనిచేస్తుందని రాసి ఉంది, ఎలా పనిచేయించాలో కూడా రాసి ఉంది. కాని ఆ రాత పాత వెర్షనుది. అందులో నొక్కమన్న బొత్తాం కొత్త వెర్షన్లో లేదు. ఇవ్వమన్న ఆదేశం ఇస్తే, అలాంటి ఆదేశమే లేదంది. మూడు రోజులు ప్రయత్నం చేశాడు. జూను నెల, పంట అప్పుల కోసం నకళ్ళు కావలసినవాళ్ళు బారు తీరి నిలబడి ఉన్నారు. నాలుగో రోజున మళ్ళీ దొంగ కాపీయే వేసేశాడు. "ఊరికే ఇచ్చారు గాని, దాని నోరు కుట్టేసి ఇచ్చార్రా" అన్నాడు నాతో.

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. సాఫ్ట్‌వేర్‌లో లోపం లేదు. ఆ ప్రింటరు ఆ మెషీనుతో నిజంగానే పనిచేస్తుంది. ఆ సంగతి చెప్పే పద్ధతిలోనే లోపం ఉంది. ఆ లోపం వల్ల ఒక మనిషి స్వేచ్ఛలోంచి దొంగతనంలోకి తిరిగి వెళ్ళాడు. దీన్ని డాక్యుమెంటేషన్ సమస్య అని పొడి మాటతో తేల్చేస్తే సరిపోతుందా?

అసలు ఈ రాతలు ఎందుకిలా ఉంటాయో తెలియాలంటే కొంచెం వెనక్కు వెళ్ళాలి. లినక్స్‌కు పెద్దన్న లాంటిది యూనిక్స్. దాని మొదటి మాన్యువల్ 1971 నవంబరు 3వ తేదీతో వెలువడింది, రాసినవారు కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ. ఒక్కో ఆదేశానికి ఒక్కో చిన్న రాత. ఆదేశం పేరు, వాడే తీరు, క్లుప్తంగా వివరణ, ఆఖర్న 'లోపాలు' అనే శీర్షిక. తమ పనిలో ఫలానా తప్పున్నదని తామే అచ్చువేసుకున్న ఆ నిజాయితీకి ఎవరైనా చెయ్యెత్తి దండం పెట్టవలసిందే. దాని కిందే ఇంకొక శీర్షిక ఉండేది: ఆ ఆదేశానికి బాధ్యుడెవరో అతని పేరు! అర్థం కాకపోతే వెళ్ళి ఆయన్ని అడగవచ్చు. అడిగేవాడూ చెప్పేవాడూ ఒకే ప్రయోగశాలలో పనిచేసేవాళ్ళు మరి. నాలుగడుగులు వేస్తే ఆయన గది. అందుకనే ఆ రాత అంత పొట్టిగా ఉన్నా చెల్లిపోయింది.

ఆ ఆదేశాల పుటలు ఇప్పుడు మన లినక్స్‌లోనూ ఉన్నాయి, రూపం పెద్దగా మారలేదు. కాని చదివేవాడు మారాడు. పక్క గదిలో ఉన్నవాడి కోసం రాసిన చీటీని మనం చల్లపల్లిలో కూర్చుని చదువుతున్నాము. మనకు పక్క గదిలో ఉన్నది ధాన్యం బస్తాలు!

నా దృష్టిలో జబ్బు మూలం ఇదే. ఏ మాన్యువల్ చూసినా, చదువరి పక్కన తెలిసినవాడొకడు కూర్చుని ఉన్నాడనే నమ్మకంతో రాసినట్టుంటుంది. గిట్ అనే పనిముట్టు సంగతే చూడండి. 2005లో టోర్వాల్డ్సే మొదలుపెట్టాడు. ఈనాడు ప్రపంచంలో సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళలో అధికభాగం దాన్నే వాడుతున్నారు. అందులో పుష్ అంటే ఏమిటని మాన్యువల్ తెరిస్తే, మొదటి వాక్యంలోనే రెఫ్ అనీ ఆబ్జెక్టు అనీ మాటలుంటాయి. రెఫ్ అంటే ఏమిటో తెలిసినవాడికి పుష్ అంటే ఏమిటో ఈపాటికి తెలిసే ఉంటుంది. తెలియనివాడికి రెండూ తెలియవు. తాళంచెవి పెట్టెలో పెట్టి పెట్టెకు తాళం వేసినట్టు లేదూ?

మా నాన్నను నారు ఎప్పుడు పీకాలని అడిగితే "చూస్తే తెలుస్తుందిలేరా" అంటాడు. ఆయనకు నిజంగానే చూస్తే తెలుస్తుంది. నలభై సార్వాలు చూసిన కన్ను అది. నాకు తెలియదు. వ్యవసాయ విశ్వవిద్యాలయం వారు ఏటేటా వేసే 'వ్యవసాయ పంచాంగం'లో నారుకు నాలుగు నుంచి ఆరు ఆకులుండాలని రాసి ఉంటుంది. ఆకులైతే నేను లెక్కపెట్టగలను! నాన్నకున్న జ్ఞానం గొప్పదే, కాదనను. కాని ఇంకొకరికి అందించడానికి వీలైన రూపంలోకి దాన్ని మార్చినవాడు ఇంకో రకమైన పని చేశాడు. అది తక్కువ పని కాదు. ఓపెన్ సోర్స్ మాన్యువళ్ళలో మాటిమాటికీ కనబడే "ఇది తేలికే", "కేవలం ఇలా చేస్తే చాలు" అనే ధోరణి అచ్చం మా నాన్న "చూస్తే తెలుస్తుందిలే" లాంటిదే. మా నాన్న అయితే ఆ తర్వాత చెయ్యి పట్టుకుని మడిలోకి తీసుకెళ్తాడు. మాన్యువల్ తీసుకెళ్ళదు.

ఆ పంచాంగాన్నే ఇంకొంచెంసేపు చూద్దాం. అది ఏటా మారుతుంది. కొత్త వంగడం వస్తే చేరుస్తారు, పాత మందు నిషేధిస్తే తీసేస్తారు. అట్ట మీద సంవత్సరం వేసి ఉంటుంది. అయిదేళ్ళ కిందటి పంచాంగం చేతికొస్తే అది పాతదని రైతుకు తెలిసిపోతుంది. సాఫ్ట్‌వేర్ రాతల మీద చాలాచోట్ల అది ఏనాటిదో, ఏ వెర్షన్‌కు రాసిందో ఉండదు. ఒక ఉదాహరణ చెబుతాను. కంప్యూటరు నెట్‌వర్క్ వివరాలు చూడడానికి ఇఫ్‌కాన్ఫిగ్ అనే ఆదేశం ఒకటుండేది. దాని స్థానంలో ఐపీ అనే కొత్త ఆదేశం వచ్చింది. డెబియన్ వారు 2017లో వచ్చిన తొమ్మిదవ వెర్షన్ నుంచి పాతదాన్ని మామూలుగా ఇవ్వడమే మానేశారు. అయినా పాత పుస్తకాలన్నీ ఇప్పటికీ పాత ఆదేశమే చెబుతున్నాయి. ఆ పుస్తకాలు చూసి రాసిన ల్యాబు రికార్డులు కూడా అదే చెబుతున్నాయి. (ఏ కాలేజీ ల్యాబు అని అడక్కండి, ఈ పాపం అన్నిచోట్లా ఉంది.) మొదటి ఏడాది కుర్రవాడు రికార్డులో ఉన్నది ఉన్నట్టు కొడతాడు, ఆదేశం దొరకలేదని జవాబు వస్తుంది. వాడేమనుకుంటాడు? పుస్తకం పాతబడిందనుకోడు. తనకు కంప్యూటర్లు రావనుకుంటాడు. పల్లెటూరి నుంచి వచ్చినవాడు మరీ తొందరగా అనుకుంటాడు.

ఇంతకంటే పెద్ద లోటు ఇంకొకటుంది. ఈ మాన్యువళ్ళు అన్నీ సవ్యంగా జరిగే దినానికే రాసినవి. తప్పు జరిగితే ఏం చెయ్యాలో చెప్పవు. పురుగుమందు డబ్బా సంగతి చూడండి. 1968 నాటి పురుగుమందుల చట్టం, 1971 నాటి నిబంధనల ప్రకారం ఆ డబ్బాతోపాటు కరపత్రం ఉండాలి, ప్రాంతీయ భాషలోనూ ఉండాలి, విషం సోకితే కనిపించే లక్షణాలు, చెయ్యవలసిన ప్రథమ చికిత్స, విరుగుడు అందులో రాయాలి. డబ్బా మీద విష తీవ్రతను చెప్పే రంగు త్రికోణం ఉండాలి. చదువు రానివాడికి కూడా ఎరుపంటే ప్రాణాంతకమని తెలియాలని! సాఫ్ట్‌వేర్‌లో కూడా విషం లాంటి ఆదేశాలున్నాయి. ఒక్క అక్షరం తేడాతో డిస్కు మొత్తం తుడిచిపెట్టేవి ఉన్నాయి. వాటి పుటలు చూడండి. ఫైళ్ళ పేర్లు వరసగా చూపించే సాధు ఆదేశమూ, సర్వం తుడిచేసే ఆదేశమూ ఒకే అచ్చు, ఒకే గొంతు. ఏ త్రికోణమూ లేదు.

చట్టం ఉన్నంత మాత్రాన ఆ కరపత్రం బ్రహ్మాండంగా ఉంటుందని చెప్పడం లేదు సుమా! చీమ తలకాయంత అక్షరాలు. భాష తెలుగే గాని, ఇంగ్లీషు వాక్యాన్ని తెలుగు మాటలతో పేర్చినట్టుంటుంది. రైతు దాన్ని మడత విప్పకుండానే గట్టున పారేసి, ఎన్ని మూతలు పొయ్యాలో కొట్టువాణ్ణి అడుగుతాడు. కాబట్టి తెలుగులోకి తర్జుమా చేస్తే సమస్య తీరిపోతుందనేవాళ్ళతో నేను ఏకీభవించను. అది అవసరం, కాని చాలదు. 2021-22 నుంచి మన రాష్ట్రంలో డిగ్రీ చదువులు ఇంగ్లీషు మీడియంలోకి మారాయి. ఇంగ్లీషు ధారాళంగా చదవగల మిత్రులు కూడా ఈ మాన్యువళ్ళ ముందు తెల్లమొహం వేస్తున్నారు. భాష రాక కాదు. అందులో తమ ప్రశ్న లేక.

అలాగని భాష సంగతి వదిలేయలేము. పేరున్న ఒక ఆఫీసు ప్యాకేజీని నేను తెలుగు తెరతో వాడి చూశాను. ఫైలును 'దస్త్రం' అన్నారు. నాకు నచ్చింది. మా తాత ఇప్పటికీ కరణంగారి దస్త్రం అంటాడు. 1984లో కరణీకాలు పోయాయిగాని మాట పోలేదు. ఇంటర్నెట్టుకు అంతర్జాలం అన్నట్టు బలవంతంగా కట్టిన మాట కాదది, ఊళ్ళో తిరిగిన మాట. అంతవరకు బాగుంది. తీరా ఎక్కడో ఆగిపోయి సహాయం నొక్కితే, తెరుచుకున్నది ఇంగ్లీషు పుట! ఫైలు మెనూలోకి వెళ్ళమంటుంది. నా తెర మీద ఫైలు అనే మాటే లేదు. ఏ తెలుగు మాట ఏ ఇంగ్లీషు మాటకు బదులు వచ్చిందో రెండు భాషల్లోనూ వేసి చూసినవాడికే తెలుస్తుంది. మెనూను తెలుగు చేసినవారి శ్రమ తక్కువేమీ కాదు, రాత్రుళ్ళు కూర్చుని చేసి ఉంటారు. కాని సహాయం పుటలు తెలుగు కాకపోయేసరికి ఆ శ్రమే చదువరికి అడ్డుగోడ అయి కూర్చుంది. గుమ్మం తెలుగులో కట్టి, ఇంట్లోకి దారి ఇంగ్లీషులో చెప్పినట్టు.

మన భాషకే చెందిన చిక్కు మరొకటి ఉంది, ఏ ఇంగ్లీషు మాన్యువల్ తర్జుమా చేసినా అందులో దొరకనిది. 'రాజ్‌కుమార్' అని టైపు చెయ్యండి. మామూలుగా కొడితే జ కింద క వత్తు పడి 'రాజ్కుమార్' అవుతుంది. జ మీద పొల్లు నిలవాలంటే మధ్యలో కంటికి కనిపించని ఒక అక్షరం కొట్టాలి. యూనికోడ్‌లో దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచే చోటుంది, ఈ కనిపించని అక్షరమూ ఉంది. అది ఏ మీటలో ఉందో మాత్రం ఒక్కో కీబోర్డుకు ఒక్కో తీరు. సాఫ్ట్‌వేర్ అనే మాటనే సరిగా రాయలేక 'సాఫ్ట్వేర్' అని ముద్దకట్టి రాస్తున్న తెలుగువాళ్ళు ఎంతమందో! ఇంగ్లీషువాడికి వత్తులు లేవు, ఈ చిక్కే రాదు, ఆయన దీని గురించి ఎందుకు రాస్తాడు? ఇది తెలుగు టైపు చేసే తెలుగువాడే రాయాలి.

బెజవాడలో డి.టి.పి. దుకాణాలు చూడండి. అను ఫాంట్లతో పుస్తకాలు, పెళ్ళి శుభలేఖలు కంపోజు చేసేవాళ్ళు మానిటరు పక్కన ఒక కాగితం అంటించుకుని ఉంటారు. ఏ మీట నొక్కితే ఏ అక్షరం, ఏ మీటకు ఏ వత్తు అన్నది ఆ ఒక్క పుటలో ఉంటుంది. జిరాక్సుకు జిరాక్సు తీసి తీసి అక్షరాలు అరిగిపోయి ఉంటాయి, అయినా పని జరుగుతుంది. టెన్తు తప్పినవాడు కూడా దాన్ని చూసుకుని ఆరు నెలల్లో కంపోజిటరు అయ్యాడు. నేను చూసిన డాక్యుమెంటేషన్లన్నిటిలో ఉత్తమమైనది అదేనంటే నవ్వుతారేమో, నిజం మాత్రం అదే. స్క్రైబస్ అనే ఓపెన్ సోర్స్ పేజీ మేకప్ సాఫ్ట్‌వేర్ చాలా కాలం మన వత్తులను పేర్చలేకపోయింది. 2017లో వచ్చిన 1.5.3 ప్రయోగాత్మక వెర్షన్‌తో సంక్లిష్ట లిపులను పేర్చే శక్తి దానికి వచ్చింది, 2024 జనవరిలో 1.6 స్థిరమైన వెర్షన్‌గా విడుదలైంది. బెజవాడలో నేనడిగిన ఇద్దరు డి.టి.పి. వాళ్ళకు ఈ సంగతి తెలియదు. తెలిసినా మానిటరు పక్కన అంటించుకోవడానికి కాగితం ఏదీ?

ఈ పరిస్థితికి కారణం ఏమిటి? రాసేవాళ్ళకు రాత చేతగాకనా? కొంత అదీ ఉండవచ్చు. కాని అసలు కారణం గౌరవంలో ఉందని నా అభిప్రాయం. 2017లో గిట్‌హబ్ సంస్థ ఓపెన్ సోర్స్ మీద ఒక సర్వే జరిపింది. అసంపూర్తిగానో పాతబడిపోయో ఉన్న డాక్యుమెంటేషన్ తాము ఎదుర్కొన్న సమస్య అని చెప్పినవాళ్ళు నూటికి 93 మంది. పనిచేసేవాళ్ళలో డాక్యుమెంటేషన్ జోలికి ఎప్పుడోగాని పోమనో, అసలే పోమనో చెప్పినవాళ్ళు నూటికి 60 మంది! అందరికీ నొప్పి తెలుసు, మందు నూరేవాడు లేడు. కోడ్ రాసినవాడి పేరు పదిమందికి తెలుస్తుంది, ఉద్యోగం ఇంటర్వ్యూలో చెప్పుకోవచ్చు. మాన్యువల్‌లో నాలుగు పేరాలు సరిదిద్దినవాణ్ణి ఎవరు గుర్తుపెట్టుకుంటారు?

ఈ ఉద్యమ పెద్దలకు దీని విలువ తెలియదనుకోవద్దు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు స్వేచ్ఛా పుస్తకాలు కూడా కావాలని స్టాల్‌మన్ ఏనాడో వాదించాడు. 2000లో మాన్యువళ్ళ కోసం ప్రత్యేకంగా ఒక లైసెన్సు కూడా వెలువరించారు. ఆ తర్వాత జరిగిన కథ వింటే నవ్వాలో ఏడవాలో తెలియదు. ఆ లైసెన్సులో కొన్ని భాగాలను మార్చకూడదని చెప్పుకునే వీలు ఉంది. అది మా స్వేచ్ఛా సూత్రాలకు విరుద్ధమని డెబియన్ వారు 2006లో ఓటు వేసి తీర్మానించారు. పర్యవసానం? ఈమాక్స్ అనే ప్రసిద్ధమైన సాఫ్ట్‌వేర్ డెబియన్‌లో స్వేచ్ఛా విభాగంలోనూ, దాని మాన్యువల్ స్వేచ్ఛ లేనివాటి విభాగంలోనూ ఉండవలసి వచ్చింది. సిద్ధాంతరీత్యా ఇరువైపులా న్యాయముంది, ఆ తగవు తీర్చేంతవాణ్ణి కాదు. కాని కొత్తగా వచ్చినవాడు ఈమాక్స్ వేసుకుని, దీని పుస్తకమేదయ్యా అంటే, పుస్తకం పెద్దల పంచాయితీలో ఉంది నాయనా అని చెప్పాలి!

ఉచితంగా ఇచ్చేదానికి వంకలు పెట్టడమేమిటి, ఇష్టముంటే వాడుకో, లేకపోతే మానెయ్ అనేవాళ్ళున్నారు. ఈ మాటను తేలిగ్గా తీసెయ్యను. 2014లో ఓపెన్ ఎస్ఎస్ఎల్‌లో హార్ట్‌బ్లీడ్ అనే లోపం బయటపడినప్పుడు లోకానికి ఒక సంగతి తెలిసింది. బ్యాంకుల మొదలు సర్వ వ్యవస్థలూ ఆధారపడిన ఆ సాఫ్ట్‌వేర్‌ను చూసుకుంటున్నది గుప్పెడు మంది, వాళ్ళకు వచ్చే విరాళాలు నామమాత్రం. అలాంటివాళ్ళను పట్టుకుని నాకు పుస్తకం కూడా రాసిపెట్టలేదేమని దబాయించడం అన్యాయం. వాళ్ళు బాకీ ఉన్నారని నేను అనడం లేదు. ఈ పని వాళ్ళు మాత్రమే చెయ్యాలి, చెయ్యగలరు అనుకోవడం మన పొరపాటని అంటున్నాను. నిజానికి వాళ్ళు చెయ్యలేరు కూడా. పదేళ్ళు ఒక పని చేసినవాడు మొదటి రోజున ఎక్కడ తడబడ్డాడో మర్చిపోతాడు. పోయిన వారం నేర్చుకున్నవాడికి గుర్తుంటుంది. ఏ మాట అర్థం కాలేదో, ఎక్కడ చెయ్యి వణికిందో అన్నీ పచ్చిగా గుర్తుంటాయి. ఆ పోయిన వారం నేర్చుకున్నవాళ్ళం మనమే!

చల్లపల్లిలో 2014 నవంబరు నుంచి ఇంకా తెల్లవారకముందే చీపుళ్ళు, పారలు పట్టుకుని రోడ్ల మీదికి వచ్చే కార్యకర్తలు ఉన్నారు. దానికి నడుం కట్టినవారు వైద్య దంపతులు. పూలమొక్కలు నాటడానికి ఎవరైనా వస్తారు, ఫోటో బాగుంటుంది. మురుగు కాలవలో పూడిక తియ్యడానికి రావాలి. వాళ్ళు అదీ తీస్తారు, ఇదీ నాటుతారు, రెంటికీ ఒకటే గౌరవం. సాఫ్ట్‌వేర్ లోకంలో పూలమొక్కలు నాటేవాళ్ళకు కొదవ లేదు. పూడిక తీసే పని మనం ఎందుకు మొదలుపెట్టకూడదు? మన తెలుగు విద్యార్థులకు ఇలాంటివి కొత్త కాదు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాను జీతం లేకుండా రాస్తున్నది మన తెలుగువాళ్ళే. మొన్నమొన్న తెలుగు కథల కృత్రిమ మేధ కోసం 'స్వేచ్ఛ' పిలుపునిస్తే, వేలమంది ఇంజనీరింగ్ విద్యార్థులు పాత కథల పుటలను కంప్యూటరుకెక్కించి సరిదిద్దారు. చాకిరీకి మనవాళ్ళు వెనుదీయరు. ఏ చాకిరీ చెయ్యాలో చెప్పేవాడు కావాలి, అంతే.

కనుక మన విద్యార్థి సంఘానికి నాదొక ప్రతిపాదన. ఏటా వార్షికోత్సవానికి వేసే బ్యానర్లలో ఒకటి తగ్గించండి. ఆ డబ్బుతో ఒక్కొక్క పుట చొప్పున తెలుగులో వాడుక కాగితాలు అచ్చువేయిద్దాం. తెలుగు టైపు చెయ్యడం ఒక పుట. ఫైళ్ళు పెన్‌డ్రైవులో భద్రపరుచుకోవడం ఒక పుట. ప్రింటరు పలికించడం ఒక పుట. లెక్కల పట్టీ వెయ్యడం ఒక పుట, కౌలు లెక్కలు, కూలీల లెక్కలు వేసుకునే పద్ధతితో సహా. ప్రతి పుట మీదా ఏ వెర్షన్‌కు రాసిందో, ఏ నెలలో సరిచూసిందో వెయ్యాలి. కింద సగం పుట 'పని జరగకపోతే' అనే శీర్షికకు వదలాలి. ప్రమాదకరమైన ఆదేశమున్న చోట ఎర్ర త్రికోణం వెయ్యాలి. ఎవరైనా జిరాక్సు తీసుకోవచ్చునని, మార్చుకోవచ్చునని రాయాలి. ఏటా జూనులో కొత్త బ్యాచి వచ్చేలోగా ఒకసారి తిరిగి చూడాలి.

మరొక్క నియమం. ఏ పుటనూ తెలిసినవాడికి చూపించి బాగుందనిపించుకోకూడదు. తెలియనివాడి ముందు పెట్టి, మనం నోరు మూసుకుని పక్కన కూర్చోవాలి. తెలుగు టైపు పుట నేనొకటి రాశాను. ఇంటర్ చదివే మా చెల్లెలి ముందు పెట్టాను. మూడో వరస దాకా బాగానే వచ్చింది. అక్కడ పొల్లు కోసం మీటలు కలిపి నొక్కమని ఉంది. చెయ్యి గాల్లో ఆపి, "కలిపి అంటే ఒకేసారా, ఒకదాని తర్వాత ఒకటా? ముందుది నొక్కి ఉంచాలా, వదిలేయాలా?" అంది. ఏ మాన్యువల్‌లోనూ ఈ ప్రశ్న ఎవరూ వేసుకున్నట్టు నాకు కనబడలేదు. ఆ వరస ఇప్పుడు మూడు వరసలైంది, పక్కన వేళ్ళ బొమ్మ కూడా గీశాను. ఆ తర్వాత ఆమె 'రాజ్‌కుమార్' అని ఏ తడబాటూ లేకుండా కొట్టింది, వెంటనే తన స్నేహితురాళ్ళ పేర్లన్నీ కొట్టి చూసుకుంది.

ప్రింటరు పుట ఇంకా రాయవలసి ఉంది. మా అన్నయ్య ఒప్పుకున్నాడు గాని, దుకాణంలో ఆ మెషీను ఖాళీగా ఉండేది మధ్యాహ్నం రెండింటి నుంచి మూడింటి వరకే. ఒక పాత హార్డు డిస్కు విడిగా ఇస్తానన్నాడు, లినక్స్ దాని మీద వేసి చూసుకోవాలి, ఆయన డిస్కు ముట్టుకోకూడదు, మూడు గంటలకు ఎక్కడివక్కడ పెట్టెయ్యాలి. ఇవీ షరతులు. మొదటి ఏడాదివాళ్ళలో ఇంతవరకు లినక్స్ ముట్టుకోనివాడు ఒకడు, చేతిరాత గుండ్రంగా ఉన్నవాడు ఒకడు నాకు కావాలి. ఆదివారం వచ్చేవాళ్ళు ముందురోజు సాయంత్రానికి పేర్లు ఇస్తే, భోజనం మా ఇంట్లోనేనని అమ్మతో చెబుతాను.